బ్రేక్‌కు బరువు.. జంప్‌కు తేలిక!

* పూల్ క్యూ ఎంపికలో తెలుసుకోవలసిన మెలకువలు
* రెండు పనులకూ ఒకే కర్ర అంటే రాజీ తప్పదు
* కొనేముందు కొలత, తూకం, టిప్ చూసుకోవాలి

పూల్ బల్లపై ఆట ఒక్క దెబ్బతో మొదలవుతుంది. చట్రంలో పేర్చిన రంగు బంతులను తెల్ల బంతితో బలంగా ఢీకొట్టి చెదరగొట్టే ఆ తొలి దెబ్బే బ్రేక్. ఆట మధ్యలో కొట్టవలసిన బంతికి మరో బంతి అడ్డుపడినప్పుడు, తెల్ల బంతిని దాని మీదుగా గాలిలోకి లేపి అవతలికి దూకించడం జంప్. మొదటిదానికి బలం కావాలి. రెండోదానికి నేర్పు కావాలి. ఈ రెండు పనులకూ వాడే క్యూలు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన గుణాలు కలవి. ఈ సంగతి తెలియక, మెరుగులు చూసి ఖరీదైన క్యూ కొనుక్కుని ఆనక చింతించేవారు తక్కువేమీ కాదు.

పార్లర్లలో సరదాగా మొదలుపెట్టి, క్రమంగా పోటీల వైపు అడుగులు వేసే ఔత్సాహికులకు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆట క్యూ ఒక్కటి చాలదా? బ్రేక్‌కు వేరే క్యూ ఎందుకు? జంప్‌కు మరొకటి ఎందుకు? రెండూ కలిసి వచ్చే క్యూ కొంటే సరిపోదా? దీనికి సమాధానం దుకాణంలో కన్నా బంతికీ, కర్రకూ నడుమ జరిగే తాకిడిలోనే దొరుకుతుంది.

స్నూకర్ నుంచి వచ్చినవారికి కొత్తే

మన దేశంలో క్యూ పట్టినవారిలో చాలామందికి తొలి పరిచయం స్నూకర్, బిలియర్డ్స్. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య అని చెబుతారు. విల్సన్ జోన్స్ 1958లో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ సాధించిన నాటి నుంచి పంకజ్ అద్వానీ వరకు భారతీయులకు పేరు తెచ్చినవి ముఖ్యంగా ఈ రెండు ఆటలే.

అయితే స్నూకర్‌లో తొలి దెబ్బ నెమ్మదిగా సాగుతుంది. ఎర్ర బంతుల గుంపును అంచున తాకించి, తెల్ల బంతిని తిరిగి వెనక్కు తెచ్చుకోవడమే అక్కడ నేర్పు. అడ్డుగా ఉన్న బంతి మీదుగా తెల్ల బంతిని దూకిస్తే స్నూకర్ నిబంధనల ప్రకారం అది ఫౌల్. పూల్‌లో రెండూ తారుమారు. బ్రేక్ బలంగా పడాలి. జంప్ సక్రమంగా చేస్తే నిబంధనలకు లోబడినదే. కాబట్టి స్నూకర్ క్లబ్బులో ఎంత ఆరితేరినవారికైనా పూల్‌లో ఈ రెండు దెబ్బలూ కొత్త పాఠాలే.

బంతుల్లోనూ తేడా ఉంది. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. పూల్ బంతి 57.15 మిల్లీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాముల వరకు ఉంటుంది. స్నూకర్ క్యూ కొన సాధారణంగా 9 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే. పూల్ క్యూ కొన 13 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. సన్నని స్నూకర్ క్యూతో పూల్ బ్రేక్ కొట్టడమంటే కూరగాయల కత్తితో కట్టెలు కొట్టినట్టే. టిప్ పగులుతుంది, కొన దెబ్బతింటుంది.

బ్రేక్‌కు ప్రత్యేక క్యూ ఎందుకు?

బ్రేక్ క్యూ కొనడానికి మొదటి కారణం బలం కాదు, రక్షణ. ఆట క్యూ టిప్ తోలుతో చేసినది. బంతికి తిప్పు ఇవ్వడానికి అది కాస్త మెత్తగా, చాక్ పట్టేలా, గుండ్రని వంపుతో ఉండాలి. రోజూ పదుల కొద్దీ బ్రేకులు అదే టిప్‌తో కొడితే తోలు అణగారి, గట్టిపడి, వంపు చెదిరిపోతుంది. దాంతో ఆట క్యూ స్వభావమే మారిపోతుంది. నిన్న పడిన షాట్ నేడు ఎందుకు పడలేదో ఆటగాడికి అర్థం కాదు.

రెండో కారణం తాకిడి. బ్రేక్‌లో తిప్పుతో పని తక్కువ. చేతిలోని వేగం వీలైనంతగా బంతికి చేరాలి. టిప్ ఎంత గట్టిగా ఉంటే తాకిడిలో అంత తక్కువ శక్తి వృథా అవుతుంది. అందుకే బ్రేక్ క్యూలకు బాగా అదిమిన గట్టి తోలు గానీ, ఫినాలిక్ రెజిన్ గానీ టిప్‌గా అమరుస్తారు. పూల్ బంతులు కూడా ఫినాలిక్ రెజిన్‌తో తయారయ్యేవే. ప్రపంచమంతటా వాడే ఆరమిత్ బంతులను బెల్జియంలోని సాలుక్ సంస్థ ఈ పదార్థంతోనే చేస్తోంది. అంటే ఫినాలిక్ టిప్‌తో కొట్టడం దాదాపు బంతిని బంతితో కొట్టినట్టు ఉంటుంది. వేగం పెరుగుతుంది. అదే సమయంలో తెల్ల బంతిపై గాట్లు పడే ప్రమాదమూ ఉంటుంది. కొందరు పార్లర్ యజమానులు ఈ టిప్‌లకు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

బరువు పెంచితే బలం పెరుగుతుందా?

బ్రేక్ క్యూ ఎంత బరువుంటే అంత మంచిదన్న నమ్మకం చాలామందిలో ఉంది. లెక్క వేస్తే అది సగమే నిజమని తేలుతుంది. 18 ఔన్సుల, అంటే సుమారు 510 గ్రాముల క్యూ బదులు 21 ఔన్సుల, అంటే సుమారు 595 గ్రాముల క్యూ వాడారనుకుందాం. చేతి వేగం ఏమాత్రం తగ్గకపోతే, 6 ఔన్సుల తెల్ల బంతి వేగం పెరిగేది దాదాపు 4 శాతమే. బరువైన కర్రను ఊపడంలో చేతి వేగం 4 శాతం తగ్గితే ఆ లాభం అక్కడికక్కడే చెల్లిపోతుంది. మరోవైపు చేతి వేగమే 10 శాతం పెరిగితే బంతి వేగమూ అంతే పెరుగుతుంది. బంతిలోని శక్తి 21 శాతం పెరుగుతుంది.

దీని సారాంశం ఒక్కటే. ఎవరి చేతికి ఏ బరువు అత్యధిక వేగాన్ని అదుపు తప్పకుండా ఇస్తుందో, వారికి అదే సరైన బరువు. మార్కెట్‌లో లభించే బ్రేక్ క్యూలు ఎక్కువగా 18 నుంచి 21 ఔన్సుల మధ్య ఉంటాయి. తన ఆట క్యూ బరువుకు ఒక ఔన్సు అటూ ఇటూగా ఎంచుకుంటే చేతికి కొత్తదనం అనిపించదు. ప్రపంచ పూల్ బిలియర్డ్ సంఘం (డబ్ల్యూపీఏ) నిబంధనల ప్రకారం క్యూ బరువు 25 ఔన్సులకు మించరాదు. టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లకు మించరాదు.

బలం కన్నా గురి మిన్న

నైన్‌బాల్, ఎయిట్‌బాల్ ఆటల్లో బ్రేక్ చెల్లాలంటే ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి. లేదా కనీసం నాలుగు రంగు బంతులు కుషన్‌ను తాకాలి. దీనికి బలం అవసరమే. కానీ గురి తప్పిన బలం ఎదురుతిరుగుతుంది. తెల్ల బంతి పాకెట్‌లో పడినా, బల్ల దాటి ఎగిరి కిందపడినా ఫౌల్ అవుతుంది. బంతులన్నీ చెదిరి సిద్ధంగా ఉన్న బల్లను ప్రత్యర్థికి అప్పజెప్పినట్టవుతుంది.

మంచి బ్రేక్ గుర్తు ఏమిటంటే, ముందు బంతిని నిండుగా తాకిన తర్వాత తెల్ల బంతి బల్ల మధ్యలో చతికిలబడినట్టు నిలిచిపోవాలి. బ్రేక్‌కు పేరుపొందిన అమెరికన్ ఆటగాడు షేన్ వాన్ బోయెనింగ్ ఇందుకు నిదర్శనం. 2022లో ప్రపంచ నైన్‌బాల్ టైటిల్ గెలుచుకున్న అతని బ్రేక్‌లో బలంతో పాటు తెల్ల బంతిపై అదుపు కూడా కనిపిస్తుంది. ఇటీవలి పెద్ద పోటీల్లో తొమ్మిదో నంబరు బంతిని స్పాట్‌పై ఉంచి పేర్చే పద్ధతి రావడంతో, కేవలం గుద్దుడు బ్రేక్ కన్నా అదుపుతో కూడిన బ్రేక్‌కే విలువ పెరిగింది.

క్యూ ఎంపికలో ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వేగంగా ఊపేటప్పుడు క్యూ కొన మధ్య నుంచి కాస్త పక్కకు జరగడం సహజం. పక్కన తాకిన బంతి కూడా గురి నుంచి కాస్త తప్పుకొని బయల్దేరుతుంది. బల్లపై ఆనించిన చేతి నుంచి తెల్ల బంతి వరకు ఉండే దూరం ఆ క్యూ స్వభావానికి సరిపోతే, ఈ రెండు తప్పులూ ఒకదాన్ని మరొకటి సరిచేసుకుంటాయి. బంతి గురి వైపే వెళ్తుంది. ఆ దూరం క్యూను బట్టి మారుతుంది. కాబట్టి ఆట క్యూలో మేలుచేసే గుణం బ్రేక్ క్యూలోనూ మేలే చేస్తుందని చెప్పలేం. స్వయంగా కొట్టి చూడడం తప్ప దీనికి మరో దారి లేదు.

జంప్ వెనుక రహస్యం

బిళ్ళంగోడు, చిర్రగోనె ఆడినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బిళ్ళ కొనపై కర్రతో కిందికి కొడితే అది పైకి లేస్తుంది. జంప్‌లోనూ దెబ్బ కిందికే, ఎగురుడు పైకే. అయితే అసలు సూత్రం వేరు. క్యూ వెనుక భాగాన్ని ఎత్తి తెల్ల బంతిని పై నుంచి ఏటవాలుగా కొట్టాలి. బట్ట కింద ఉన్న రాతి పలకపైకి నొక్కుకున్న బంతి అక్కడి నుంచి తుళ్ళి పైకి లేస్తుంది. బంతి అడుగున క్యూ దూర్చి తవ్వి లేపడం మాత్రం ఫౌల్. చూడడానికి రెండూ ఒకలాగే కనిపించినా, నిబంధనల దృష్టిలో మొదటిది నేర్పు, రెండోది తప్పు.

ఇక్కడే తేలిక క్యూ అవసరం తెలుస్తుంది. బంతి పైకి లేచే సమయానికి క్యూ దాని దారికి అడ్డు తొలగాలి. బంతి స్వేచ్ఛగా కదులుతుందని భావించి లెక్కగడితే, 19 ఔన్సుల మామూలు క్యూ తోలు టిప్‌తో బంతిని తాకిన తర్వాత కూడా తన వేగంలో 60 శాతం దాకా నిలుపుకొని ముందుకే పోతుంది. 8 ఔన్సుల జంప్ క్యూ గట్టి టిప్‌తో తాకితే దానికి మిగిలేది 20 శాతం మాత్రమే. బరువైన క్యూ పైకి లేస్తున్న బంతిని మళ్ళీ తాకి అణగదొక్కుతుంది. టిప్ రెండుసార్లు తాకితే అదీ ఫౌలే. తేలిక క్యూ ఒక్క తాకుతో దాదాపు ఆగిపోయి బంతికి దారి ఇస్తుంది.

బ్రేక్‌లో క్యూ బంతి వెంట సాగిపోయినా నష్టం లేదు. జంప్‌లో అదే కొంప ముంచుతుంది. బ్రేక్ క్యూ, జంప్ క్యూ ఎందుకు ఒకటి కాలేవో చెప్పే అసలు కారణం ఇదే.

జంప్ క్యూలు సాధారణంగా 7 నుంచి 12 ఔన్సుల బరువు, 40 నుంచి 42 అంగుళాల పొడవు ఉంటాయి. మామూలు పూల్ క్యూ పొడవు సుమారు 58 అంగుళాలు. వెనుక భాగం ఎత్తి కొట్టాలి గనుక పొట్టి క్యూ చేతికి వీలుగా ఉంటుంది. అడ్డు బంతి దగ్గరగా ఉంటే క్యూను నిటారుగా ఎత్తి, బాణం విసిరే పద్ధతిలో పట్టుకొని కొడతారు. అది దూరంగా ఉంటే తక్కువ ఏటవాలు సరిపోతుంది.

కలిసి వచ్చే క్యూ.. లాభమా, నష్టమా?

బ్రేక్-జంప్ పేరుతో అమ్మే క్యూలలో వెనుక భాగంలో అదనపు అతుకు ఉంటుంది. మొత్తం బిగిస్తే బ్రేక్ క్యూ. వెనుక ముక్క విప్పేస్తే జంప్ క్యూ. ఖర్చు తగ్గుతుంది, సంచిలో చోటు మిగులుతుంది. వారాంతాల్లో ఆడేవారికి, చిన్న పోటీలకు వెళ్ళేవారికి ఇది చాలు.

అయితే రాజీ లేకపోలేదు. వెనుక ముక్క విప్పినా, బ్రేక్ కోసం చేసిన ముందు భాగం విడి జంప్ క్యూ అంత తేలికగా ఉండకపోవచ్చు. తెల్ల బంతికి బాగా దగ్గరగా ఉన్న అడ్డును దాటించవలసి వచ్చినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. అదనపు అతుకు బిగుతు తగ్గితే బ్రేక్ కొట్టినప్పుడు శబ్దం, కంపనం వస్తాయి. కొనేముందు దాన్ని విప్పి, బిగించి, చెవి పెట్టి వినడం మంచిది.

మరో ముఖ్య విషయం పొడవు. డబ్ల్యూపీఏ నిబంధనల ప్రకారం ఏ క్యూ అయినా 40 అంగుళాలకు, అంటే 1.016 మీటర్లకు తగ్గకూడదు. వెనుక ముక్క విప్పాక మిగిలిన భాగం ఈ కొలతకు తగ్గితే పార్లర్‌లో పనికొచ్చినా పోటీలో పనికిరాదు. దుకాణానికి వెళ్ళేటప్పుడు కొలిచే టేపు వెంట తీసుకెళ్ళడం వృథా ప్రయాస కాబోదు.

కొన్ని పోటీల్లో ఫినాలిక్ టిప్‌లను, మరికొన్నింటిలో జంప్ క్యూలనే అనుమతించరు. ఏ పోటీలో ఆడాలనుకుంటున్నారో దాని నిబంధనలు ముందుగా తెలుసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

ఎవరికి ఏది అవసరం?

ఆట నేర్చుకుంటున్నవారికి ఈ రెండూ అవసరం లేదు. తిన్నగా కొట్టడం వచ్చేదాకా ఒక మంచి ఆట క్యూ చాలు. బ్రేక్‌కు పార్లర్‌లో ఉండే క్యూలలోనే తిన్నగా ఉన్నదాన్ని, టిప్ గట్టిగా ఉన్నదాన్ని వాడుకోవచ్చు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

వారంలో మూడు నాలుగు రోజులు ఆడుతూ, సొంత క్యూ ఉన్నవారు తర్వాత కొనవలసింది బ్రేక్ క్యూ. ప్రతి ఆటకూ బ్రేక్ ఉంటుంది. జంప్ అవసరం ఎప్పుడో గానీ రాదు.

జంప్ క్యూ అవసరం ఆడే ఆటను బట్టి ఉంటుంది. ఎయిట్‌బాల్‌లో ఆటగాడికి తన వర్గంలో ఏడు బంతులు ఉంటాయి. ఒకదానికి అడ్డు వస్తే మరొకటి కొట్టవచ్చు. నైన్‌బాల్, టెన్‌బాల్ ఆటల్లో ఆ వెసులుబాటు లేదు. బల్లపై ఉన్న అతి చిన్న నంబరు బంతినే ముందుగా తాకాలి. అందుకే ఈ ఆటల్లో జంప్ క్యూకు విలువ ఎక్కువ.

అయినా జంప్ ఒక్కటే దారి కాదు. కుషన్‌కు కొట్టి, అక్కడి నుంచి తిప్పి బంతిని తాకించే కిక్ షాట్ ఉండనే ఉంది. 1995లో అమెరికాలోని రెనో నగరంలో జరిగిన పోటీలో ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్, ఎర్ల్ స్ట్రిక్‌ల్యాండ్‌పై రెండు కుషన్లు తాకించి కొట్టిన కిక్ షాట్‌ను అభిమానులు నేటికీ చెప్పుకుంటారు. కిక్ నేర్చుకున్నవారికి జంప్ క్యూ అదనపు బలం. కిక్ రానివారికి అది ఊతకర్ర మాత్రమే.

కొనేముందు చూడవలసినవి

నిటారు: క్యూను రెండుగా విప్పి ముందు భాగాన్ని, వెనుక భాగాన్ని విడివిడిగా బల్లపై దొర్లించాలి. ఆ తర్వాత బిగించి కంటికి ఎదురుగా పట్టి చూడాలి. వంకర ఉన్నదాన్ని ఎంత చవకైనా తీసుకోరాదు.

టిప్: బ్రేక్ టిప్‌కు ఆట టిప్ కన్నా చదునైన వంపు కావాలి. సుమారు 22 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రూపాయి నాణెం అంచును టిప్ పక్కన పెట్టి చూస్తే వంపు అందాజుగా తెలుస్తుంది. అంతకన్నా గుండ్రంగా ఉంటే అరగదీయించాలి. ఫినాలిక్ టిప్‌కు చాక్ అంతగా పట్టదు. కాబట్టి బంతి మధ్యలోనే కొట్టే అలవాటు ఉండాలి.

షాఫ్ట్: క్యూ ముందు భాగం మేపుల్ కర్రతో గానీ, కార్బన్ ఫైబర్‌తో గానీ వస్తుంది. ప్రిడేటర్ సంస్థ 2016లో రెవో పేరుతో కార్బన్ షాఫ్ట్ తెచ్చిన తర్వాత వీటి వాడకం విస్తరించింది. కర్ర షాఫ్ట్ ధరలో తేలిక. అయితే కోస్తా జిల్లాల ఉక్కపోతకు, ఎండలో నిలిపిన కారులోని వేడికి కర్ర వంగే అవకాశం ఉంది. కార్బన్‌కు ఆ బెడద లేదు. ధర మాత్రం ఎక్కువ.

పట్టు: చెమట పట్టే చేతులకు నునుపైన పిడి జారుతుంది. నారబట్ట, తోలు, రబ్బరు చుట్టులలో చేతికి ఏది నప్పుతుందో పట్టి చూడాలి.

పరీక్ష: అవకాశం ఉంటే ఒకే రోజు, ఒకే బల్లపై, రెండు బరువుల క్యూలతో పదేసి బ్రేకులు కొట్టాలి. ఎన్ని బంతులు పడ్డాయన్నది కాదు, తెల్ల బంతి ఎన్నిసార్లు మధ్యలో నిలిచిందో రాసుకోవాలి. ఆ లెక్క అమ్మకందారు మాట కన్నా నమ్మదగినది.

బల్లనూ కాపాడుకోవాలి

పార్లర్ బల్లపై జంప్ సాధన చేసేముందు యజమాని అనుమతి తీసుకోవడం మర్యాద. ఒకేచోట పదేపదే కొడితే బట్టపై తెల్లని మచ్చలు పడతాయి. తెల్ల బంతి కింద అదే రకం బట్ట ముక్క పరిచి సాధన చేస్తే ఈ నష్టం తగ్గుతుంది. మొదట చాక్ ముక్క మీదుగా, ఆ తర్వాత బంతి అంచు మీదుగా, చివరగా పూర్తి బంతి మీదుగా దూకించడం నేర్చుకోవాలి. బలంగా పొడవనవసరం లేదు. మణికట్టు సడలించి చురుగ్గా కొడితే బంతి దానంతటదే లేస్తుంది.

పూల్‌లో ప్రత్యర్థి ప్రమేయం లేకుండా ఆటగాడు తన చేతుల్లో పూర్తిగా ఉంచుకోగల దెబ్బ బ్రేక్ ఒక్కటే. దానికి తగిన క్యూ ఎంచుకోవడం ఆటలో పెట్టుబడి. జంప్ క్యూ ఆపదలో ఆదుకునే సాధనం. ఈ వరుస మరువకుండా, ముందు ఆట క్యూ, తర్వాత బ్రేక్ క్యూ, ఆపై జంప్ క్యూ అన్న క్రమంలో సమకూర్చుకుంటే డబ్బూ నిలుస్తుంది, ఆటా నిలుస్తుంది.